పద్నాలుగు మంది పిల్లలకు బడి ఎందుకని అడుగుతున్నారు

బడి సంగతులు: పాఠకుల ఉత్తరాలు, జవాబులు

జాతీయ విద్యా విధానం గురించి, పల్లె బడుల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందిది ఒకటే బెంగ: మా ఊరి బడి ఉంటుందా, పోతుందా? అందుకే ఆ ప్రశ్నకు ఎక్కువ చోటిచ్చాను. నేను ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా చేరి హెచ్‌ఎంగా రిటైరయ్యాను. పనిచేసిందంతా విజయనగరం, పార్వతీపురం వైపు పల్లెల్లోనే కాబట్టి నా జవాబుల్లో ఆ ప్రాంతపు సంగతులే ఎక్కువ ఉంటాయి.

ప్రశ్న: మా ఊరి ప్రాథమిక పాఠశాలలో పద్నాలుగు మంది పిల్లలు, ఒక టీచరు. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని హైస్కూల్లో కలిపేశారు. ఆ హైస్కూలు మెయిన్ రోడ్డు అవతల ఉంది. తర్వాత మళ్లీ వెనక్కి పంపుతామన్నారు గానీ కొందరే తిరిగొచ్చారు. ఇప్పుడు మిగిలినవాళ్లని కూడా పక్క ఊరికి పంపేస్తారని చెప్పుకుంటున్నారు. అడిగితే ‘ఢిల్లీ నుంచి వచ్చిన కొత్త విధానంలోనే అలా ఉంది, పద్నాలుగు మందికి బడి ఎందుకమ్మా’ అంటున్నారు. నిజమేనా? నేను పేరెంట్స్ కమిటీలో సభ్యురాలిని, చదివింది ఏడో తరగతి. నేనేం చెయ్యగలను?
– ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: అది నిజం కాదమ్మా. మీ ఊరి బడి ఎత్తెయ్యమని ఆ విధానంలో ఎక్కడా లేదు. పైగా అందులో రాసిన మాటలు మీకే పనికొస్తాయి. కమిటీ మీటింగులో ఈ పేజీ చదివించండి.

2020 జూలై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ జాతీయ విద్యా విధానంలో ఏడో అధ్యాయం చిన్న బడుల గురించే. 2016-17 లెక్కల ప్రకారం దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 28 శాతం చోట్ల ముప్పై మంది కూడా పిల్లలు లేరని, ఒకే టీచరుతో నడిచే బడులు 1,08,017 ఉన్నాయని అందులో రాశారు. ఇలాంటి బడిలో టీచరు ఒంటరి అయిపోతారని, ఆటలు, బొమ్మలు, లైబ్రరీ వంటివి పిల్లలకు అందవని చెప్పారు. అది నిజమే. నేనూ అలాంటి బడిలో పాఠం చెప్పినదాన్నే. అయితే అదే అధ్యాయం నాలుగో పేరాలో ఇంకో మాట ఉంది. బడుల్ని కలపడమనేది చాలా ఆచితూచి చెయ్యాలి, పిల్లలకు బడి దూరం కాదని తేల్చుకున్నాకే చెయ్యాలి, అలా కలిపినంత మాత్రాన సమస్య మొత్తం తీరదు అని. మీ ఊళ్లో ఎవరైనా ఢిల్లీ పేరు చెబితే ఈ పేరా చూపించమనండి.

మరి ఆ విధానం చెప్పిన మందేమిటంటే స్కూల్ కాంప్లెక్స్. ఒక హైస్కూలు, దాని చుట్టూ ఐదు నుంచి పది కిలోమీటర్ల లోపలున్న చిన్న బడులు, అంగన్‌వాడీలు అన్నీ ఒక జట్టు. లైబ్రరీ, లాబ్, ఆటలు నేర్పే పీఈటీ, డ్రాయింగ్ టీచరు జట్టులో అందరికీ చెందుతారు. 1964-66లో చదువుల మీద కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ చెప్పిన సంగతే ఇది. అంటే పెద్ద బడిలో ఉన్న మనుషులు, సామాను చిన్న బడి దగ్గరికి కదలాలి. మన దగ్గర ఏళ్ల తరబడి కాంప్లెక్సులున్నాయి గానీ, అవి మీటింగులకూ రిపోర్టులకూ పనికొచ్చినంతగా దీనికి పనికి రాలేదు.

2022 జూన్‌లో మన రాష్ట్రంలో వచ్చిన 117 జీవో మీ ఊళ్లో జరిగిన మార్పుకు మూలం. శాటిలైట్ ఫౌండేషన్ నుంచి హైస్కూల్ ప్లస్ దాకా బడుల్ని ఆరు రకాలు చేసి, కిలోమీటరు లోపు హైస్కూలుంటే మూడు నుంచి ఐదు తరగతుల్ని అక్కడికి పంపమన్నారు. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు దొరుకుతారన్నది ఉద్దేశం. విధానంలో 5+3+3+4 ఉంది కదా, అంటే చదువును ఐదు, మూడు, మూడు, నాలుగేళ్ల దశలుగా విడగొట్టడం, దాని ప్రకారమే చేశామన్నారు. కానీ ఆ అంకెలు పాఠాల అమరికకు సంబంధించినవి. దీనికోసం భవనాల ఏర్పాటు మార్చనక్కర్లేదని విధానం నాలుగో అధ్యాయంలోనే రాసి ఉంది. ఎనిమిదేళ్ల పిల్లను వేరే గేటులోకి పంపమని ఎవరూ అడగలేదు.

పల్లెలో దీనివల్ల జరిగింది ఆఫీసు కాగితాల్లో కనిపించదు. నాలుగో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముడి చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చేది. అమ్మ అప్పటికే నాట్లకో, ఉపాధి పనికో వెళ్లిపోయి ఉంటుంది. అక్కను రోడ్డవతల హైస్కూలుకు పంపితే తమ్ముణ్ని దింపేవాళ్లు లేరు. అదే సమయానికి ఇంటి గుమ్మం ముందుకు ప్రైవేటు బడి పసుప్పచ్చ వ్యాన్ వస్తుంది. అప్పు చేసైనా ఇద్దర్నీ అందులో ఎక్కించేస్తారు. ఒక బడి నుంచి మూడు తరగతులు తీస్తే పోయేది ఆ మూడు తరగతులే కాదు, మిగిలిన రెండూ ఖాళీ అవుతాయి. ఆ తర్వాత ‘పిల్లలు లేరు’ అనే కారణం దొరుకుతుంది. 2025లో ప్రభుత్వం 117ను వెనక్కి తీసుకుని, మోడల్ ప్రైమరీ పాఠశాలల పేరుతో తరగతికో టీచరు అనే పద్ధతి తెచ్చింది. అది మంచి నిర్ణయం, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ వ్యాన్ ఎక్కిన పిల్లలు జీవో రద్దు కాగానే దిగిపోరు. మీ ఊరే సాక్ష్యం. పైగా మోడల్ ప్రైమరీ అనేది పిల్లల సంఖ్య చూసి ఇచ్చేది కాబట్టి, సంఖ్య పడిపోయిన ఊళ్లకు దాని ఫలం అందడం కష్టం.

ఇప్పుడు చట్టం సంగతి. విధానం అంటే దారి చూపే కాగితం. విద్యాహక్కు చట్టం అలా కాదు, అది అమలు చేసి తీరవలసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు నడక దూరంలో, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లలో ఉండాలని దాని నిబంధనలు చెబుతాయి. ఇంకొకటి చాలామందికి తెలియదు: అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలని ఆ చట్టం షెడ్యూల్లో ఉంది. అంటే మీరు అడగవలసింది ‘మా బడి ఉంచండి’ అని మాత్రమే కాదు, ‘మా రెండో టీచర్ని ఇవ్వండి’ అని కూడా.

ఏడో తరగతి చదివానని వెనకాడకండి. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని చట్టం పెట్టింది మీలాంటివాళ్ల కోసమే. మీరు చెప్పండి, టెన్త్ చదివిన పిల్ల ఎవరైనా ఉంటే రాయించండి. తీర్మానంలో పద్నాలుగు మంది పేర్లు, తరగతులు ఉండాలి. ఊరి చివరి ఇంటి నుంచి పక్క ఊరి బడికి ఎంత దూరమో, దారిలో ఏమున్నాయో రాయండి. మెయిన్ రోడ్డు, మలుపు, గెడ్డ (వాగు), వానాకాలం గెడ్డలో నీళ్లు ఎంత లోతు వస్తాయి, ఏ నెలల్లో దాటలేం అన్నీ రాయాలి. అంగన్‌వాడీలో ఇప్పుడున్న పిల్లల పేర్లు కూడా చేర్చండి, వచ్చే రెండు మూడేళ్లలో ఒకటో తరగతికి వచ్చేవాళ్లు వాళ్లే. వ్యాన్ ఎక్కుతున్న పిల్లల ఇళ్లకు వెళ్లి, ఏం చేస్తే తిరిగి పంపుతారో అడిగి అదీ రాయండి. ‘రెండో టీచరుంటే పంపుతాం’ అని నలుగురు తల్లులు వేలిముద్ర వేసిన కాగితం, వంద నినాదాలకంటే ఎక్కువ పని చేస్తుంది. కాపీలు హెచ్‌ఎంకి, ఎంఈవోకి (మండల విద్యాధికారి), డీఈవోకి (జిల్లా విద్యాధికారి), సర్పంచికి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్లండి.

రవాణా భత్యం ఇస్తామంటే సరేనని ఊరుకోకండి. డబ్బు అకౌంట్‌లో పడుతుంది, కానీ నలుగురు పిల్లల కోసం ఆటో మీ ఊరికి వస్తుందా అన్నది వేరే సంగతి. వచ్చే ఆటో ఎవరిదో, ఏ వేళకో రాసివ్వమనండి.

ఒకే వీధిలో రెండు బడులుండి, ఒక్కోదానిలో నలుగురే ఉన్నప్పుడు కలిపితే నేను తప్పనను. ఐదో తరగతిలో ఒక్కత్తే కూర్చునే పిల్లకు తోడు దొరుకుతుంది. మీది ఆ పరిస్థితి కాదు.

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు నిండాయి. అంగన్‌వాడీకి వెళ్తోంది. కొత్త విధానంలో ఆరేళ్లు నిండితేనే ఒకటో తరగతి అట. ఈ ఏడాదంతా అంగన్‌వాడీలోనే ఉంచాలా? పక్కింటి పాప ప్రైవేటులో యూకేజీ చదువుతోంది, ఇంగ్లీషు రైమ్స్ చెబుతోంది. మా పాప వెనకబడిపోదా?
– ఖమ్మం జిల్లా పాఠకురాలు

జవాబు: ఆరేళ్లన్నది పిల్లల మేలు కోరి పెట్టినదే. మూడు నుంచి ఆరేళ్ల దాకా ఆటపాటల చదువు, ఆ తర్వాత ఒకటి, రెండు తరగతులు, మొత్తం ఐదేళ్ల పునాది అని విధానం. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ఇదే మాట రాష్ట్రాలకు మళ్లీ రాసింది. మన రెండు రాష్ట్రాల్లో ఐదు నిండగానే ఒకటిలో వేసే అలవాటు ఉంది కాబట్టి ఈ గందరగోళం. మీ మండలంలో ఈ ఏడాది ఏ వయసుకు చేర్చుకుంటున్నారో బడి హెచ్‌ఎంని అడిగి తేల్చుకోండి.

చిక్కల్లా ఆ మధ్య ఏడాదితోనే. అంగన్‌వాడీ టీచరమ్మ ఒక్కరే గర్భిణుల భోజనం, బాలామృతం పంపిణీ, పిల్లల బరువులు, రిజిస్టర్లు, ఫోన్‌లో ఎంట్రీలు చూసుకుంటూ మూడేళ్లవాళ్లనీ ఐదేళ్లవాళ్లనీ కలిపి కూర్చోబెట్టుకుంటారు. 1975లో ఈ పథకం మొదలైనప్పటి నుంచి తిండి, ఆరోగ్యం వాళ్ల మొదటి పని. చదువు దానికి జతగా వచ్చింది. ఇంకో మనిషిని ఇవ్వకుండా ‘ఇకపై మీరే ప్రీ ప్రైమరీ’ అంటే ఆవిడ మాత్రం ఏం చేస్తారు? ఇది సర్కారు దిద్దుకోవాల్సిన లోటు.

మీ పాప గురించి బెంగ పడకండి. ఇంట్లో కథ చెప్పండి, చెప్పిన కథ తిరిగి చెప్పించుకోండి. ముగ్గు చుక్కలు లెక్కపెట్టించండి, కూరగాయలు రంగుల వారీగా, సైజుల వారీగా వేరు చేయించండి. నాలుగు రైమ్స్ వచ్చిన పిల్లకంటే, జరిగింది జరిగినట్టు వరసగా చెప్పగలిగిన పిల్ల ఒకటో తరగతిలో తొందరగా చదువు అందుకోవడం నేను మళ్లీ మళ్లీ చూశాను.

ప్రశ్న: ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నాను మేడమ్. ఐదు తరగతులు, పద్దెనిమిది సబ్జెక్టులు. తొలిమెట్టు (చదవడం, లెక్కలు నేర్పే తెలంగాణ కార్యక్రమం) ప్రకారం ప్రతి తరగతికీ పాఠ్యప్రణాళిక రాయాలి, లెవెల్స్ నమోదు చేయాలి. నేను ఒకటో తరగతి దగ్గర కూర్చుంటే ఐదో తరగతి గోల. మీటింగుకు పిలిస్తే బడికి సెలవే. పిల్లలకు అన్యాయం చేస్తున్నానన్న బాధతో నిద్ర పట్టదు. దారి ఏదైనా ఉందా?
– ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: తమ్ముడూ, పిల్లలకు అన్యాయం చేస్తున్నది మీరు కాదు. ఆ మాట ముందు మనసులోంచి తీసెయ్యండి. ఒక మనిషికి ఐదుగురి పని అప్పగించినవాళ్లు ఆలోచించవలసిన మాట అది. రెండో టీచరు కోసం మీ కమిటీ చేత పైన రాసినట్టే తీర్మానం చేయించండి. ఆ టీచరు వచ్చేదాకా మాత్రం రేపు పొద్దున బడి నడవాలి కదా, దాని గురించి చెబుతాను.

ఐదు తరగతుల్ని ఐదు తరగతులుగా నడపాలనుకుంటే ఎవరివల్లా కాదు. తరగతి గీత చెరిపేసి, పిల్లవాడు ఎక్కడున్నాడో అక్కడి నుంచి నడపాలి. ఈ పని మన తెలుగు నేల మీదే చేసి చూపించారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క గది, ఒక్క టీచరు ఉన్న బడుల కోసమే ఒక పద్ధతి తయారుచేశారు. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. పాఠం మొత్తాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకో కార్డు పెట్టారు. కార్డు మీద జంతువు బొమ్మో, పిట్ట బొమ్మో గుర్తుగా ఉంటుంది. పిల్ల పొద్దున రాగానే నిచ్చెన మీద తను ఎక్కడున్నదో చూసుకుని, అలమరలోంచి ఆ గుర్తున్న కార్డు తీసుకుని వెళ్లి కూర్చుంటుంది. టీచరు పూర్తిగా దగ్గరుండాల్సిన గుంపు ఒకటి, అప్పుడప్పుడు సాయం చాలినది ఒకటి, తోటివాళ్లతో చేసుకునేది ఒకటి, ఒంటరిగా చేసుకునేది ఒకటి. కొత్త సంగతి నేర్చుకుంటున్నవాళ్లే టీచరు చుట్టూ ఉంటారు. నాలుగు రోజులు బడికి రాని పిల్లవాడు తిరిగొస్తే పాఠం దాటిపోయి ఉండదు, ఆపిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. కూలి పనులకు వలస వెళ్లే కుటుంబాలున్న మీ జిల్లాలో ఈ సుగుణం ఒక్కటి చాలు. తమిళనాడు ప్రభుత్వం దీన్ని ముందు చెన్నై కార్పొరేషన్ బడుల్లో, తర్వాత రాష్ట్రమంతటా తన పద్ధతిలో అమలు చేసింది.

మీకు ఆ కార్డులన్నీ ఒక్కసారిగా దొరకవు. లెక్కలతో మొదలుపెట్టండి. నేను చేసింది చెబుతాను. చింతపిక్కలు ఒక డబ్బా నిండా ఉంచేదాన్ని. అందరికీ అవే పిక్కలు, అదే అరగంట. చిన్నవాళ్లు పదేసి కుప్పలు పెట్టి, ఎన్ని కుప్పలు, ఎన్ని మిగిలాయో చెప్పాలి. మధ్యవాళ్లు రెండు కుప్పలు కలిపి, తీసి, పలక మీద రాయాలి. పెద్దవాళ్లు నలభై ఏడు పిక్కలు ఆరుగురికి పంచి శేషం చెప్పాలి, తర్వాత అదే లెక్క కథలా తయారుచేసి మధ్యవాళ్లకు ఇవ్వాలి. ఆ అరగంటలో నేను చిన్నవాళ్ల దగ్గరే కూర్చునేదాన్ని. పెద్దపిల్లలు గోల చేసేది పని లేనప్పుడే.

తెలుగుకూ ఇంతే. ఒకటే బొమ్మ గోడకు అంటిస్తే ఒకటో తరగతి మాట చెబుతుంది, మూడో తరగతి వాక్యం రాస్తుంది, ఐదో తరగతి ఆ బొమ్మకు ముందు ఏం జరిగిందో రాస్తుంది. 2021 జూలైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ లక్ష్యం కూడా చివరికి ఇదే: మూడో తరగతి దాటేలోపు పిల్లలు చదివింది అర్థం చేసుకోవాలి, మామూలు లెక్కలు చెయ్యాలి. దానికి గడువు 2026-27. ఆ లక్ష్యం నాకు ఎంతో ఇష్టం. కానీ పిల్ల చదివిందా లేదా అని చూసే టైమును, చదివిందని ఫోన్‌లో ఎక్కించే పని మింగేస్తే ఆ లక్ష్యానికే దెబ్బ. కాంప్లెక్స్ మీటింగులో నలుగురు ఏకోపాధ్యాయులు కలిసి అడగండి: ఐదు తరగతులకు విడివిడిగా కాకుండా గుంపుల వారీగా ఒకే ప్రణాళిక రాయనివ్వమనండి, మీటింగు రోజున సీఆర్‌పీనో (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), పక్క బడి టీచరునో మీ బడికి పంపమనండి. కాంప్లెక్స్ అనేది ఉన్నదే అందుకు.

ప్రశ్న: మా అబ్బాయికి అపార్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) రావడం లేదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బడి రిజిస్టర్లో పొడి అక్షరం ఉంది, పుట్టిన తేదీ కూడా తేడా. కూలి మానుకుని ఆధార్ సెంటరుకు తిరుగుతున్నాను. ఇది లేకపోతే బడిలోంచి తీసేస్తారా?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: తియ్యరు, తియ్యకూడదు. అపార్‌కు తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి, అది లేదని బడిలో చోటు నిరాకరించే హక్కు ఎవరికీ లేదు. అయితే పేరు, తేదీ సరిచేయించడం మాత్రం మానకండి. టెన్త్ సర్టిఫికెట్ వచ్చాక దిద్దించుకోవడం చాలా కష్టం. ముందు పంచాయతీ నుంచి జనన ధ్రువపత్రం తీసుకోండి. దాని ప్రకారం ఆధార్, బడి రిజిస్టర్ రెండూ మార్పించండి. ఒకదాన్ని చూసి ఇంకోటి మారిస్తే మళ్లీ తిరగవలసి వస్తుంది. మీ ఊళ్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉండి ఉంటారు. ఆధార్ క్యాంపు బడి దగ్గరే ఒక రోజు పెట్టించమని హెచ్‌ఎం ద్వారా ఎంఈవోకి రాయించండి.

ప్రశ్న: సీతంపేట ఏజెన్సీలో కొత్తగా చేరాను. పిల్లలంతా సవర గిరిజనులు. ఒకటో తరగతి పిల్లలకు నా తెలుగే అర్థం కాదు, పుస్తకం చూస్తే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. విధానంలో ఐదో తరగతి దాకా మాతృభాషలో చెప్పాలని ఉంది కదా. వీళ్ల మాతృభాష ఎక్కడుంది?
– ఉపాధ్యాయిని, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: మీ ప్రశ్న చదివి సంతోషించాను. చేరిన కొత్తలోనే పిల్లల భాష గురించి అడిగారు. ‘వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకా ఇంటి భాషలో’ అని విధానం చెబుతుంది. విద్యాహక్కు చట్టంలోనూ సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే అని ఉంది. మన రెండు రాష్ట్రాల్లో మాట్లాడుకునేదంతా తెలుగా, ఇంగ్లీషా అన్న తగువే. సవర, కువి, కోయ, గోండి, కొలామి పిల్లలకు ఆ రెండూ బయటి భాషలే.

ఈ ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ రోజున సవర కోసం ఆయన పడిన పాటు కూడా మన బడుల్లో చెప్పాలని నా కోరిక. ఆ తర్వాత 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలైంది. తెలుగు లిపిలోనే సవర, కొండ, కువి వాచకాలు వేశారు. మొదట ఇంటి భాష, తర్వాత మెల్లగా తెలుగు అన్నది పద్ధతి. ఆ పుస్తకాలతో పాఠం విన్న పిల్లల మొహాలు నేను చూశాను. పొద్దుటి నుంచి నోరు విప్పని పిల్ల, తన ఇంట్లో అనే మాట నల్లబల్ల మీద కనబడగానే లేచి నిలబడి చదివింది.

ఆ పని నిలబడాలంటే భాష వచ్చిన టీచర్లు కావాలి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి 3 నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రిజర్వేషన్ సంగతి కోర్టు తేల్చింది సరే, కానీ పిల్లల భాష తెలిసిన మనిషి బడిలో ఉండాలన్న అవసరం తీరలేదు. భాష వచ్చినవారిని కనీసం ఒకటి, రెండు తరగతులకు ఇవ్వకుండా ‘మాతృభాషలో బోధన’ అని రాసుకోవడం వల్ల ఈ పిల్లలకు ఒరిగేది ఏమీ లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

మీ గదిలో మీరు చెయ్యగలిగినవి ఉన్నాయి. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులోనో, పాత బడుల అలమరల్లోనో ఆ సవర వాచకాలు ఉంటాయేమో వెతికించండి. నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని చిన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టి మీ మాట సవరలో చెప్పించండి. పిల్లల చేత వాళ్ల మాటలు చెప్పించుకుని తెలుగు అక్షరాల్లో చార్టు రాయండి. అడ్డాకు, చీపురు, పైనాపిల్, పసుపు, పోడు, సంత, ఇలా వాళ్లు రోజూ చూసేవాటితో మొదలుపెట్టండి. ఊళ్లో ముసలమ్మను పిలిచి వారానికో కథ చెప్పించండి. మీరూ రోజూ కొంచెం సవర నేర్చుకోండి. టీచరు తమ మాట నేర్చుకుంటున్నారని తెలిస్తే పిల్లలు మీ తెలుగు మాటకు చెవి ఒగ్గుతారు.

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. కోనసీమలోని మా ఊరి ప్రాథమిక పాఠశాలకు మా బ్యాచ్ మిత్రులం కలిసి పెద్ద డిజిటల్ బోర్డు కొనిద్దామనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: మీ మనసు మంచిది. కొనేముందు ఆ బడి టీచరుకు ఫోన్ చేసి, ‘ఈ నెలలో మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిందేమిటి?’ అని అడగండి. నాకు తెలిసిన బడుల్లో వచ్చే జవాబులు వేరు. మోటారు కాలిపోయి మరుగుదొడ్డికి నీళ్లు లేవు. ఆయాకు ఇచ్చే డబ్బు చాలక నెలలో సగం రోజులు ఊడ్చేవాళ్లు లేరు. కరెంటు ఎక్కువ తక్కువలకు ఉన్న టీవీయే పాడైంది, బాగుచేసేవాళ్లు అమలాపురం నుంచి రావాలి. బోర్డు కొనడం ఒక రోజు ఖర్చు, బాగుచేయించడం ఏటా ఉండే ఖర్చు. బడికి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

నన్నడిగితే రెండు పనులకివ్వండి. ఒకటి, పిల్లలు చేతిలోకి తీసుకుని చదివే తెలుగు కథల పుస్తకాలు, పలుచనివి, బొమ్మలున్నవి. తాళం వేసే బీరువాలో కాకుండా తాడు కట్టి వేలాడదీసేలా ఇవ్వండి. రెండోది, బడి దూరమైన పిల్లలకు ఆటో బాడుగ. బడికి సాయం చేసేవారి కోసం కేంద్రం పెట్టిన విద్యాంజలి పోర్టల్ ఉంది, అందులో బడి పేరు మీద అవసరాలు నమోదు చేయించి, దాని ద్వారానే ఇవ్వండి, లెక్క పక్కాగా ఉంటుంది. సెలవుల్లో ఊరికొచ్చినప్పుడు ఒక పూట బడిలో కూర్చుని పిల్లల చేత ఆ పుస్తకాలు చదివించుకోండి. ఏ పుస్తకం ఎక్కువ నలిగిందో చూసి, వచ్చే ఏడాదికి అలాంటివే ఇంకో పాతిక పంపండి.